కథ చెప్పే ఊళ్ళో ఉత్తరం రాయడం

పోయిన నెల మీటింగ్‌లో మన క్లబ్‌కి ఒక న్యూస్‌లెటర్ ఉండాలని అనుకున్నాం కదా. "సీఎస్ఈ వాడివి, నువ్వే చూడు" అన్నారు. మన కాలేజీలో సీఎస్ఈ అంటే ప్రొజెక్టర్ పని చేయకపోయినా మేమే, వైఫై రాకపోయినా మేమే. సరే అని ఒప్పుకున్నాను. ఈ వ్యాసం ఆ పని కోసం నేను నేర్చుకున్నదాని నోట్స్ అనుకోండి. ఎక్కువ భాగం కంప్యూటర్ గురించి కాదు. నేను కూడా మొదట కంప్యూటర్ గురించే అనుకున్నాను.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు కానీ నెమ్మది. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోయే రకం. కాబట్టి కింద ఎక్కడైనా వాక్యం బాగుంటే అది ఎడిటర్ అక్క దిద్దిన వాక్యం.

నాకు ఈ విషయం నిజంగా పట్టింది క్లబ్ వల్ల కాదు, మావయ్య వల్ల. మా అమ్మ తమ్ముడు. కృష్ణానగర్‌లో ఉంటాడు. హైదరాబాద్ వాళ్ళకి ఆ పేరు చెబితే చాలు, మిగతాది అర్థమైపోతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్‌లో దిగితే ఒక పక్క కొండమీద పెద్ద పెద్ద గేట్లు, ఆ దారిన పోతే ఫిల్మ్‌నగర్, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్. ఇంకో పక్క కిందకి దిగితే కృష్ణానగర్, ఇరుకు సందులు, షేరింగ్ రూములు, టీ కొట్ల ముందు నిలబడి సీన్లు చెప్పుకునేవాళ్ళు. మావయ్య గోదావరి జిల్లా నుంచి ఆ సందుల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అసిస్టెంట్ డైరెక్టర్, అసోసియేట్, ఒక సినిమాకి కో-డైరెక్టర్. సొంత కథలు ఇరవై పైనే ఉన్నాయి. ఒక్కటీ తెర మీదకి రాలేదు.

"నీ కథలు మెయిల్‌లో పంపుదాం మావయ్యా, వారానికొకటి" అన్నాను. నా వైపు ఎలా చూశాడంటే, ఇంటి తాళం తీసి రోడ్డు మీద పడేద్దాం అన్నట్టు.

ఆ చూపు అర్థం కావాలంటే ఫిల్మ్‌నగర్‌లో కథ ఎలా బతుకుతుందో తెలియాలి. అక్కడ కథని చదవరు, వింటారు. దాన్ని నెరేషన్ అంటారు. ఒక ఆఫీసు, తలుపు వేసి ఉంటుంది, లోపల నిర్మాతో హీరోనో ఉంటారు. కథకుడు గంటన్నరో రెండు గంటలో అన్ని పాత్రలూ తనే అయి చెప్పాలి. ఫైట్ దగ్గర చేతులు ఊపాలి, సెంటిమెంట్ దగ్గర గొంతు వణకాలి. బాగా రాయడం కంటే బాగా చెప్పడం వచ్చినవాడికి అక్కడ పని దొరుకుతుంది. ఆ గది బయట కథ ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే దానికి విలువ పోయిందని లెక్క. మావయ్య ఒకసారి ఒక ఆఫీసులో కథ చెప్పొచ్చాడట, రెండేళ్ళ తర్వాత అందులోని ఒక సీన్ ఇంకెవరి సినిమాలోనో చూశాడట. ఎవరూ ఎత్తుకుపోకపోయినా అలాంటి సీన్ ఇద్దరికి తట్టొచ్చు. అదీ ఆయనే చెప్పాడు. కానీ ఆ తర్వాత నోరు కట్టేసుకున్నాడు.

అయితే ఆ కొండ మీద ఉన్నవాళ్ళలోనే కొందరు తలుపు తీసుకుని బయటికొచ్చి, మధ్యలో నిర్మాత, హీరో, టికెట్టు ఏమీ లేకుండా నేరుగా జనంతో మాట్లాడారు. వాళ్ళ నుంచి ఏం నేర్చుకోవచ్చు అన్నదే మన పాఠం. ఇద్దరిని తీసుకుంటాను.

మొదటాయన వంశీ. సితార (1984), అన్వేషణ (1985), లేడీస్ టైలర్ (1986) తీసిన డైరెక్టర్. ఆయన మొదటి నుంచీ రచయిత. సితార సినిమా ఆయన నవల మహల్లో కోకిల నుంచే వచ్చింది. చాలా సినిమాలు తీశాక స్వాతి వారపత్రికలో వారం వారం కథలు రాయడం మొదలుపెట్టాడు, మా పసలపూడి కథలు అని. పసలపూడి అంటే రామచంద్రపురం దగ్గర ఊరు. బొమ్మలు బాపు వేశారు.

ఇది న్యూస్‌లెటర్ ఎలా అవుతుంది అంటారా? నాకైతే ఇదే అసలైన న్యూస్‌లెటర్ అనిపిస్తుంది. ఒక మనిషి, ఒక రోజు, ఒక గొంతు. వచ్చేది ఇన్‌బాక్స్‌కి కాదు, కిరాణా కొట్టు ముందు క్లిప్పులకి వేలాడే పత్రికలోకి, అంతే తేడా. అమ్మమ్మ ఆ కథల పేజీలు చింపి దాచి, దారం పెట్టి కుట్టించుకుంది. నేను తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆ బైండు పట్టుకుని కూర్చున్నాను. మొదటి కథ చదవడానికి నాకు ఒక పూట పట్టింది. పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతూ, నేను ఆగిపోయిన చోటల్లా అమ్మమ్మ ఆ పదం అందించేది. పేజీ చూడకుండానే.

ఇప్పుడు మళ్ళీ చదివితే నాకు కనిపించిన విషయాలివి. టైటిల్లో "మా" అనే మాట ఉంది. నా కథలు అనలేదు. ఆ ఒక్క అక్షరం చదివేవాళ్ళని కూడా ఊళ్ళో కలిపేసుకుంటుంది. తర్వాత, మనుషులు ఇంటిపేర్లతో, వృత్తులతో వస్తారు. ఏ కాలవ గట్టు, ఏ హోటల్, అక్కడ ఏం తిన్నారు, అన్నీ ఉంటాయి. మనం రాసేటప్పుడు "ఒక గ్రామంలో ఒక వృద్ధుడు" అని మొదలుపెడతాం. ఎందుకో తెలుసా? మనకి ఆ ఊరి పేరు తెలియదు కాబట్టి. మూడోది, ఇది నాకు ముఖ్యం: ఆయన సినిమా కబుర్లు అమ్ముకోలేదు. డైరెక్టర్ కాలమ్ రాస్తున్నాడంటే ఏ హీరోయిన్ సెట్‌లో ఏమంది అని అడిగే జనం మనం. ఆయన ఊరి మనుషుల గురించి రాశాడు, జనం దాన్నే పట్టుకున్నారు.

రెండో ఆయన పూరీ జగన్నాథ్. ఈయన సంగతి మీకు చెప్పక్కర్లేదు. బద్రి 2000లో, పోకిరి 2006లో, ఇస్మార్ట్ శంకర్ 2019లో. కథలు రాసుకోవడానికి బ్యాంకాక్ వెళ్తాడని అందరూ చెప్పుకునే మనిషి. 2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయాయి. ఆ నెలల్లో పూరీ మ్యూజింగ్స్ అని మొదలుపెట్టాడు. వీడియో కాదు, ఆడియో. ఒక విషయం, కొన్ని నిమిషాలు, ఆయన గొంతు. అంతే. యూట్యూబ్‌లో, స్పాటిఫైలో పెట్టాడు.

అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, ఆన్‌లైన్ క్లాసు ఒక చెవిలో, ఇది ఇంకో చెవిలో. నాకు ఆశ్చర్యం కలిగించింది ఒకటే: ఇలాంటి తెలుగులో కూడా ఆలోచనలు చెప్పొచ్చా అని. మాకు స్కూల్లో తెలుగు అంటే పద్యం, ప్రతిపదార్థం, పరీక్ష. ఆలోచించాల్సి వస్తే ఇంగ్లీష్‌లోకి మారిపోవాలి. ఈయన మాత్రం దేశాల గురించి, ఒంటరిగా ఉండటం గురించి, బతకడం గురించి, మనం టీ కొట్టు దగ్గర మాట్లాడే భాషలోనే చెప్పుకుపోయాడు. ఇంగ్లీష్ మాట అవసరమైతే వేశాడు, లేకపోతే లేదు.

అన్నీ నాకు నచ్చాయని కాదు. కొన్నిటిలో పెద్ద పెద్ద విషయాల మీద సినిమా డైలాగ్ కొట్టినట్టు ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేస్తాడు. వినేటప్పుడు విజిల్ వేయాలనిపిస్తుంది, రాత్రి పడుకున్నాక "అదేంటి, అలా ఎలా" అనిపిస్తుంది. మా అక్కకైతే అస్సలు పడదు. కానీ అక్క కూడా విన్నాకే తిట్టేది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఉత్తరం అందుకున్నవాళ్ళు ఒప్పుకోవాలని లేదు.

ఇంకో సంగతి. 2022 ఆగస్టులో లైగర్ వచ్చింది, ఆడలేదు. 2024లో డబుల్ ఇస్మార్ట్ కూడా అంతే. థియేటర్లో కూర్చున్న జనం నిర్దాక్షిణ్యంగా ఉంటారు, డబ్బులు పెట్టారు కదా. కానీ మధ్యలో ఆగి మళ్ళీ మ్యూజింగ్స్ మొదలైనప్పుడు వినేవాళ్ళు వచ్చారు. సినిమా పోతే ఆ మనిషి మీద కోపం ఉండాలి కదా, ఎందుకు విన్నారు? నాకు తోచిన సమాధానం ఇది: సినిమా చూసినప్పుడు మనం వందల మంది చేసిన ఒక వస్తువుని చూస్తాం. చెవిలో గొంతు విన్నప్పుడు ఒక్కరితో ఉంటాం. రెండిటికీ మార్కులు వేరు వేరుగా వేస్తాం.

బయటి ప్రపంచంలో కూడా ఇదే నడుస్తోంది. సబ్‌స్టాక్ 2017లో వచ్చాక చాలామంది రచయితలు, పాటగాళ్ళు మెయిల్లో రాయడం మొదలుపెట్టారు. పాటి స్మిత్ 2021లో మొదలుపెట్టింది. అంతకన్నా నాకు నచ్చింది ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ సంగతి. 2018లో ద రెడ్ హ్యాండ్ ఫైల్స్ అని పెట్టాడు. ఎవరైనా ప్రశ్న రాయొచ్చు, ఆయన ఒకటి తీసుకుని జవాబు రాస్తాడు, అది మెయిల్లో అందరికీ వస్తుంది. 2015లో ఆయన కొడుకు చనిపోయాడు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో ఆయనకి రాయడం మొదలుపెట్టారు. పేరు చూడండి, మన పూరీ గారి ఆఫీసు పేరు కూడా కేవ్. ఇద్దరూ గుహలోంచే మాట్లాడుతున్నారు.

ఇది చదివి అబ్బో ఫారిన్ ఐడియా అనుకున్నాను. తర్వాత లైబ్రరీలో మేడమ్ నవ్వింది. శ్రీశ్రీ పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాసేవారట, అది ప్ర.జ. అనే పుస్తకంగా కూడా వచ్చింది, అంటే ప్రశ్నలు-జవాబులు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభలో ప్రమదావనం శీర్షిక దశాబ్దాల పాటు నడిపారు, ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేనివి ఆవిడకి రాసేవారు. మన దగ్గర ఉన్నదే మనకి తెలియక ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకుంటున్నాం.

ఇప్పుడు టెక్నికల్ భాగం. ఇది మన క్లబ్‌కి పనికొచ్చేది, త్వరగా చెప్తాను.

ఈమెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీ 1982 నాటిది. అది 7 బిట్ల ఇంగ్లీష్ అక్షరాల కోసం చేసినది. తెలుగు దాని ఊహలో కూడా లేదు. 1992లో మైమ్ అనే పద్ధతి వచ్చాకే వేరే భాషల అక్షరాలని ఇంగ్లీష్ అక్షరాల వేషం వేసి పంపడం కుదిరింది. "తెలుగు" అనే మాట తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. దాన్ని సబ్జెక్ట్ లైన్లో బేస్64లోకి మార్చితే 24 అక్షరాలు. ఇంత ప్రయాణం చేసి అమ్మమ్మ ఫోన్లో మళ్ళీ "తెలుగు" అనే కనిపిస్తుంది. నాకు డేటా స్ట్రక్చర్స్ క్లాసులో రాని ఆనందం ఇక్కడ వచ్చింది.

దీనివల్ల రెండు జాగ్రత్తలు. జీమెయిల్ 102 కేబీ దాటిన మెసేజ్‌ని మధ్యలో కత్తిరించేస్తుంది. తెలుగు ఇంగ్లీష్ కంటే మూడు రెట్లు బరువు కాబట్టి, డిజైన్ టెంప్లేట్ల అలంకారాలు ఎక్కువ పెడితే చివరి పేరా ఎగిరిపోతుంది. సాదాగా పంపండి. రెండోది, అందరి అడ్రసులూ టూలో పెట్టి పంపొద్దు. ఒకరి మెయిల్ ఇంకొకరికి కనిపించకూడదు. మావయ్య అదే చేయబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను.

అసలు కష్టం వేరే చోట వచ్చింది. మావయ్య కథలన్నీ కృష్ణానగర్ డీటీపీ సెంటర్లో టైప్ చేయించినవి, అను ఫాంట్స్‌లో. ఆ ఫైలు నా లాప్‌టాప్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు, ఇంగ్లీష్ అక్షరాలు. యూనికోడ్ కాదు కదా, ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తప్ప అది తెలుగే కాదు. పద్దెనిమిదేళ్ళ రాత అంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది, దాన్ని ప్రపంచంలో ఏ సెర్చ్ కూడా చదవలేదు. దొంగల భయం అక్కర్లేదు మావయ్యా, నీ కథ ఇప్పుడు నువ్వే చదవలేవు అన్నాను. నవ్వలేదు. తప్పు చేశాను అలా అనకుండా ఉండాల్సింది.

కన్వర్టర్లు ఉన్నాయి. మూడు కథలు మార్చాను. ఒత్తులు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట పడ్డాయి, కూర్చుని దిద్దాను. నా జీవితంలో అంత తెలుగు ఎప్పుడూ చదవలేదు. కథలు బాగున్నాయి. మావయ్య కాబట్టి చెప్పడం లేదు.

మరి కథలు పోతాయన్న భయం? దాని గురించి కూడా చదివాను, ఎందుకంటే మన క్లబ్‌లో కూడా ఈ ప్రశ్న వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సినిమావాళ్ళు రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేసుకునేది సాక్ష్యం కోసం. తేదీ వేసి వందమందికి వెళ్ళిన మెయిల్ కూడా ఒక సాక్ష్యమే. కానీ ఒక మెలిక ఉంది. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పింది ఏంటంటే, ఊరికే ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకి ఉంటుంది. కృష్ణానగర్‌లో పోయేది ఎక్కువగా ఐడియానే. కాబట్టి మావయ్య భయం ఉత్త భయం కాదు.

ఇక్కడే వంశీ దగ్గర నేర్చుకున్నది పనికొచ్చింది. అమ్ముకోవాల్సిన కథలు పంపొద్దు మావయ్యా, అవి పెన్‌డ్రైవ్‌లోనే ఉండనీ అన్నాను. నువ్వు ఈ సందులోకి వచ్చిన మొదటి రాత్రి గురించి రాయి. ఆ రూములో ఉన్న ఏడుగురి గురించి రాయి. అది ఎవరు ఎత్తుకుపోతారు?

రెండు వారాలు ఏమీ రాయలేదు. పేపరు ముందు కూర్చుంటే ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలా అని ఆలోచన వస్తోంది అన్నాడు. నెరేషన్ అలవాటు మరి. అప్పుడు పూరీ గారి పద్ధతి పట్టుకున్నాం. ఫోన్లో మాట్లాడి పంపమన్నాను. రాత్రి ఒంటిగంటకి తొమ్మిది నిమిషాల వాయిస్ నోట్ వచ్చింది. మొదట్లో గొంతు పెంచి డైరెక్టర్‌కి చెప్తున్నట్టు చెప్పాడు, మూడో నిమిషం దగ్గర మామూలు గొంతులోకి వచ్చేశాడు. నేను మూడో నిమిషం నుంచి టైప్ చేశాను.

ఫస్ట్ లెటర్ నలభై మూడు మందికి వెళ్ళింది. మన క్లబ్ వాళ్ళు, మావయ్య ఫోన్లో ఉన్న పాత అసిస్టెంట్లు, ఒక మేకప్ అన్న, ఇద్దరు లైట్‌మెన్, అమ్మ, పిన్ని. ఆదివారం పొద్దున ఏడింటికి పంపాను. పది దాకా ఏమీ లేదు. మావయ్య మెసేజ్: "పోనీలే రా." పదిన్నరకి మొదటి జవాబు. సాయంత్రానికి పదకొండు వచ్చాయి. మన సెకండియర్ అమ్మాయి ఒకరు వాళ్ళ నాన్న కూడా అలాంటి రూములోనే ఉండేవాడని, ఇప్పటిదాకా ఆయన్ని ఆ రోజుల గురించి అడగలేదని, ఇవాళ అడిగానని రాసింది. ఒకరు "నెక్స్ట్ ఎప్పుడు" అని రెండు మాటలే. ఒక పాత అసిస్టెంట్ మాత్రం పొగడలేదు. ఆ ఏడుగురిలో ఆయన కూడా ఒకరట. రూమంతా బాగానే చెప్పావు గానీ రాత్రి ఉప్మా పెట్టిన హోటల్ ఆ సందులో కాదు, దాని వెనక సందులో అని రాశాడు.

మావయ్య ఆ ఒక్క మెయిల్ నాలుగుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "అవును రా, వెనక సందే. ఎలా దిద్దాలి?" అన్నాడు.

పంపిన మెయిల్ దిద్దడం కుదరదు మావయ్యా, వెళ్ళిపోయింది అంటే వెళ్ళిపోయినట్టే అని చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే రెండో ఉత్తరం ఆ హోటల్ నుంచే మొదలుపెడతా అన్నాడు. ఇప్పుడు శనివారం రాత్రి పదకొండు దాటింది. వాయిస్ నోట్ కోసం చూస్తున్నాను.